నట్టింటి గుంట

చిట్యాలలో ఇళ్లూ జాగాలూ అమ్మిపెట్టే దలాలీ నేను ఇరవై రెండేళ్లు చేశాను. నా పేరు ఎల్లస్వామి. ఆ పనిలో కాళ్ల కంటే నోటికే శ్రమ ఎక్కువ. కొనేవాడితో ఎవడైనా మాట్లాడతాడు. అమ్మేవాడితో మాట్లాడటమే కష్టం. వాడి ఇంట్లో వాడికి ఏ లోపమూ కనబడదు. పొగకు గోడ నల్లగా మాడిపోయి ఉంటుంది, "గది మా తాత కట్టిచ్చిన గోడ" అంటాడు. గడప ముందే బర్రె పేడ వేస్తుంటుంది, "మా ఇంటి లక్ష్మి" అంటాడు. ఆ మనిషి ముఖం చిన్నబోకుండా గోడకు సున్నం వేయించాలి, బర్రెను పెరట్లోకి తోలించాలి.

దానికి నాకొక పద్ధతి ఉండేది. దేన్నీ తీసెయ్యమని నేను చెప్పేవాడిని కాదు. ముందు మెచ్చుకునేవాడిని. "బర్రె ఎంత మంచిగున్నదే! వచ్చెటోళ్ల దిష్టి తగులుతదేమో, జర ఎనుక కట్టెయ్యరాదు" అనేవాడిని. సాయంత్రానికి బర్రె పెరట్లో ఉండేది. అత్తాకోడళ్లు జుట్లు పట్టుకునే ఇల్లయితే, కొనేవాళ్లు వచ్చే పూటకు ఇద్దరిలో ఒకరిని యాదగిరిగుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పంపేవాడిని. పాము చావాలి, కర్ర విరగకూడదు. నా నోట ఒక్క కటువు మాట వచ్చిందని ఊళ్లో ఎవరూ అనలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా, ఆ సామెత నా కోసమే పుట్టిందనుకునేవాడిని. ఇప్పుడు ఎవడైనా నా ముందు ఆ మాటంటే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

సాగర్ డ్యాం పని మొదలై రెండేళ్లయిన వానాకాలంలో గాలయ్య నన్ను పిలిపించాడు. అతను నేతపని మనిషి. పద్మశాలీల వాడ చివర, హైదరాబాద్ సడకుకు ఆనుకుని అతని పెంకుటిల్లు. నట్టింట్లో మగ్గం. అది గుంట మగ్గం. నేలలో తొడ లోతున, మూడడుగుల పొడవున తీసిన గుంట అంచున కూచుని, కాళ్లు లోపలికి దించి, కింది పలకలు తొక్కుతూ నేస్తారు. ఆ గుంట చెమ్మకు గాలయ్యకు దగ్గు పట్టుకుంది. రెండేళ్లుగా మగ్గం మీద కూచుంటున్నది అతని భార్య యాదలక్ష్మే.

షోలాపూర్‌లో ఉన్న గాలయ్య తమ్ముడు ఉత్తరం రాయించాడు. అక్కడి మిల్లులో అన్నకు కూచుండి చేసే పని మాట్లాడాడు, ఉండటానికి అర్ర చూశాడు. దసరా లోపల వచ్చి అర్రకు పైకం కట్టుకోవాలి, లేకుంటే పనీ అర్రా రెండూ ఇంకొకరికి పోతాయి. ఇల్లు మంచి ధరకు అమ్ముడుపోతే గాలయ్య చెమ్మలోంచి బయటపడి నాలుగేళ్లు బతుకుతాడు. లేకపోతే అక్కడే దగ్గి దగ్గి పోతాడు. ఈ సంగతి గాలయ్య నాకు చెప్పలేదు. అరుగు మీద మాట్లాడుతుంటే అతను నీళ్లు తాగడానికి లోపలికి పోయినప్పుడు యాదలక్ష్మి చెప్పింది. ఆమెకు మాట నాన్చడం రాదు.

"ఎల్లస్వామన్నా, మాకు గీ ఇల్లే ఉన్నది. మూడేండ్ల బిడ్డ తట్టు తగిలి ఉగాదికి పాయె. ఇగ గీయనన్న మిగలాలె" అంది.

నా చేతిలో అప్పుడు ఒక కొనే మనిషి ఉంది. నర్సింగమ్మ. మొగుడు పోయాక సడకు మీద తడికల గుడిసె వేసుకుని లారీల వాళ్లకు చాయ్ హోటల్ నడుపుతోంది. చేతిలో నాలుగు రూకలు చేరాయి, సొంత జాగా కావాలంటోంది. అంతకు పదిరోజుల ముందే ఊరి లోపల ఒక ఇల్లు చూపించాను. నట్టింట్లో ధాన్యం పోసుకునే పాతర ఉందని కాదనేసింది. "నట్టింట్ల గుంటుంటే ఇంటి యజమాని మిగలడు ఎల్లస్వామీ, మా పంతులు చెప్పిండు" అంది. ఆ మాటను నేను కొంగున ముడేసుకున్నట్టు మనసులో పెట్టుకున్నాను. మనిషి మాట వినగానే లోపలిది కనిపెట్టేస్తానని నాకు పొగరు.

అందుకే మళ్లీ పోయి గాలయ్య ఇంట్లో అడుగుపెట్టగానే మగ్గాన్ని మెచ్చుకున్నాను.

"ఏం మగ్గమే గాలయ్యా! గిసొంటి కట్టె ఇప్పుడు దొరుకుతదా? వచ్చెటోళ్లు పోయెటోళ్లు తొక్కితే ఇరుగుతది. జర ఇప్పి పైలంగ పెట్టుకోరాదు."

"మరి గుంటన్నా?"

"గుంటకేముంది, మంచిగనే ఉన్నది. కానీ సీకట్ల ఎవలన్న కాలేసి పడితే నీకే కదా బద్నాం."

గాలయ్య నెత్తి గోక్కున్నాడు. మెత్తని మనిషి, మెత్తగా చెబితే దేనికైనా తల ఊపుతాడు. యాదలక్ష్మి మాత్రం మగ్గం మీది నుంచి లేవలేదు.

"పడుగు మీద సగం చీరున్నదన్నా. ఇంక పదిరోజుల పని. గది దించినంక ఇప్పుకుందాం. ఇల్లు అమ్ముడుపోయేదాక కూడు గీ గుంటలకెళ్లే రావాలె" అంది.

"ఆగొచ్చు చెల్లె, ఎందుకాగొద్దు" అన్నాను. "కొనెటామె ఈ లోపల ఇంకో ఇల్లు చూసుకుంటే చూసుకోనియి. మనకు ఇంకెవలన్న దొరుకుతరు. దసరాకు కాకపోతే సంక్రాంతికి."

వినడానికి ఎంత బాగుంది! బలవంతం లేదు, తొందర లేదు. మొగుడి ప్రాణం మీద కత్తి పెట్టి, ఆగొచ్చు అని చెప్పాను. యాదలక్ష్మి మగ్గం మీది నుంచి లేచింది. సాయంత్రం గాలయ్యే కత్తెర పెట్టి పడుగు కోశాడు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. నూలిచ్చిన సావుకారు సగం చీరా మిగిలిన నూలూ పట్టుకుపోతూ, ఇక ముందు నూలియ్యనని చెప్పిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాపీ మేస్త్రి రజాక్‌ను తీసుకుపోయాను. రెండు బండ్ల ఎర్రమట్టి తోలించి గుంట పూడ్పించాను. పట్టపగలు, తలుపు బార్లా తీసి జరిగిన పని. నేను అంచున నిలబడి చూస్తుండగా తట్ట తట్టా పడింది. రజాక్‌కు ఆ పని నచ్చలేదు.

"కొత్త మట్టి సాబ్. పొర పొరకు నీళ్లు పోసి దిమ్మిస కొట్టాలె. ఎనిమిది దినాలన్న ఆరాలె. గిప్పుడే అలుకు చల్లితే కూచుంటది" అన్నాడు.

"ఎల్లుండే వస్తున్నరు రజాక్ భాయ్. నీ చెయ్యి పడితే ఏం కూచుంటది?" అన్నాను. అతన్నీ మెచ్చుకున్నాను మరి. రజాక్ నవ్వి, ఒక్కరోజులో పని ముగించి, కూలి తీసుకుని, మర్నాడే సాగర్ పనికి పోయాడు.

గోడలకు సున్నం, అరుగుకు ఎర్రమన్ను, గడపకు పసుపు. మగ్గం కట్టెలను పొయ్యి కట్టెల వెనక కనబడకుండా పేర్చాం. ఇల్లు పెళ్లికొడుకులా తయారైంది. చివరగా ఇద్దరినీ కూచోబెట్టి చెప్పాను.

"నట్టింట్ల గుంటున్నదా అని అడుగుతది. లేదనుండ్రి. అబద్ధమేం కాదు, ఇప్పుడు లేదు గద."

"సాలోల్ల ఇంట్ల మగ్గం లేకుండెనంటే ఎవలు నమ్ముతరన్నా?" అంది యాదలక్ష్మి.

"మగ్గం ఎనుక సాయబాను పంచల ఉండెనందం."

"ఉన్నదున్నట్టు చెప్తే ఏమైతదన్నా? గుంటుండె, పూడ్చినం. గంతే గద."

ఆ ఇంట్లో బుద్ధి ఉన్న మాట అదొక్కటే. నేను నవ్వి, "నీకు తెల్వనిదేముంది చెల్లె, కానీ బేరం కాడ నన్ను జర మాట్లాడనియ్యి" అన్నాను.

నర్సింగమ్మ వచ్చే ముందు రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున నేను పోయి చూసేసరికి నట్టింట్లో మట్టి రెండు వేళ్లు దిగి ఉంది. అలికిన నేల మధ్యలో మూడడుగుల చెక్కు, తడి వేరు, రంగు వేరు, నాలుగు మూలలూ గీత గీసినట్టు. నేను మాత్రం, "ఏం కాదు, పైన జంపఖానా పరువుండ్రి" అన్నాను. పరిచాం. దాని మీదే నర్సింగమ్మను కూచోబెట్టాం.

కూచోగానే ఆమె ఒక పక్కకు ఒరిగింది. చేత్తో తడిమింది. లేచి, జంపఖానా అంచు పట్టుకుని పక్కకు లాగింది.

"గీడ ఏముండె?"

గాలయ్యకు దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే నా వైపు చూశాడు. తర్వాత నేను నేర్పిన మాట అప్పజెప్పాడు. "ఏం లేకుండె అక్కా."

"గది మా మగ్..." అని తలుపు దగ్గర నుంచి యాదలక్ష్మి మొదలుపెట్టింది.

"పందికొక్కులక్కా!" అని నేను అడ్డం పడ్డాను. "ఈ వాడల పందికొక్కులు జాస్తి. బొరియలు తీస్తే మొన్ననే మట్టేసి పూడ్చిండ్రు."

నర్సింగమ్మ ఆ చెక్కును చూసింది, నన్ను చూసింది. "పందికొక్కులు గింత సక్కగ నాలుగు మూలలు కొలిసి తవ్వుతయా ఎల్లస్వామీ?" అంది. కోపం లేదు, నవ్వు కూడా లేదు. ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఆలోచించి చెప్తనని వెళ్లిపోయింది.

నాలుగు రోజుల్లో ఊరు అందుకుంది. గాలయ్య ఇంట్లో మగ్గం గుంట ఉన్న సంగతి వాడలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఆ మాట ఇంకా పాడుగా అల్లుకుంది. గుంట ఉండె, నిజమే. ఉన్నదాన్ని లేదని ఎందుకన్నారు? ఉట్టి మట్టే వేస్తే దాచే పనేముంది? పూడ్చేటప్పుడు అందులో ఏం పెట్టారు? బాణామతి బొమ్మ అన్నారు మొదట. తర్వాత ఎవరి నోటికి పురుగు పట్టిందో గాని, ఉగాదికి పోయిన పిల్లను వాగు ఒడ్డున పూడ్చిన చోటి నుంచి తెచ్చి నట్టింట్లో పెట్టుకున్నారన్నారు. తల్లి పిల్లను ఇడవలేక తెచ్చుకుందని ఒకరు, మళ్లీ కడుపు పండాలని ఎవడో మంత్రగాడు తెప్పించాడని ఇంకొకరు. గుంట పొడవు మూడడుగులే కదా, సరిగ్గా సరిపోతుందని కూడా అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదని తల పండినవాళ్లు తీర్పు చెప్పారు. నిప్పు ఎవడు పెట్టాడో నాకు తెలుసు.

బావి దగ్గర యాదలక్ష్మి బిందె పెడితే పక్కవాళ్లు బిందెలు జరుపుకున్నారు. ఇల్లు చూడటానికి వస్తామన్న ఇద్దరు నన్ను సడకు మీదే ఆపి, వద్దని చెప్పి పోయారు.

ఆదివారం అంగడినాడు నేను నర్సింగమ్మ హోటల్ బల్ల మీద కూచుని ఉన్నాను. పక్కన చౌటుప్పల్ నుంచి వచ్చిన కొత్త బేరం. చుట్టూ ఇరవై మంది. నర్సింగమ్మ గల్లా దగ్గర ఉంది. యాదలక్ష్మి నేరుగా వచ్చి నా ముందు నిలబడింది. చీర మాసి ఉంది.

"ఎల్లస్వామన్నా, గుంట పూడిస్తుంటే నువ్వు అంచుకే ఉంటివి. లేదని చెప్పుమన్నది సుత నువ్వే. రజాక్ భాయ్ ఊళ్లె లేడు. గీళ్లందరికి ఒక్క మాట చెప్పు. అండ్ల మట్టి తప్ప ఇంకేం లేదని చెప్పు. సాలు, నేను పోత."

అందరూ నా వైపే చూస్తున్నారు. చౌటుప్పల్ మనిషి కూడా చూస్తున్నాడు. అవునంటే, ఇళ్ల లోపాలు పూడ్పించి లేవని చెప్పించే దలాల్‌నని నలుగురిలో ఒప్పుకున్నట్టే. ఇరవై ఏళ్ల పేరు పోతుంది. కాదంటే పచ్చి అబద్ధం, అంతటి పాపం నాకొద్దు. రెండూ కాని మాట కోసం వెతికాను. దొరికింది. అటువంటి మాటలు నాకు ఎప్పుడూ దొరుకుతాయి.

"నా పని ఇల్లు చూపిచ్చుడే తల్లీ" అన్నాను మెత్తగా. "లోపలి సంగతి ఇంటోళ్లకే ఎరుకుంటది. ఊరంతా అన్నంత మాత్రాన నువ్వు మనసు కష్టపెట్టుకోకు."

ఆ పూట ఆ మాటకు నేను లోలోపల మురిసిపోయాను కూడా. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు, పైగా ఓదార్చాను. యాదలక్ష్మి వచ్చిన దారినే వెనక్కి పోయింది. గల్లా దగ్గర నర్సింగమ్మ చిల్లర సర్దుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు యాదలక్ష్మి గడ్డపార పట్టుకుంది. తలుపులు రెండూ తీసి పెట్టి, వాడంతా చూస్తుండగా ఒక్కతే గుంట తవ్వింది. గాలయ్య అరుగు మీద కూచుని దగ్గుతున్నాడు. నేను పోయాను. గడప దగ్గర నిలబడి, అలవాటు చొప్పున, "తవ్వుతే తవ్వుకున్నవు గని చెల్లె, తలుపు జర దగ్గరికేసుకో" అన్నాను. ఆమె తల ఎత్తలేదు. తొడ లోతు వరకు తీసింది. ఎర్రమట్టి, పెంకు ముక్కలు, పాత గుంట అడుగున గట్టి నేల. అంతే. జనం వంగి చూశారు. వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు, "ఉంచుతరా ఇంక? ఎప్పుడో తీసేసి ఉంటరు" అంది. యాదలక్ష్మి గడ్డపార అక్కడే పడేసి లోపలికి పోయింది.

దసరాకు తొమ్మిది రోజులు ఉన్నాయనగా నర్సింగమ్మ కబురు పంపింది. కొంటుంది, కానీ గాలయ్య చెప్పిన దానిలో సగానికి. "గసొంటి ఇల్లు ఇంకెవలు కొంటరు? పాపమని తీసుకుంటున్న" అని చెప్పమంది. చెప్పాను. గాలయ్య భార్య ముఖం చూశాడు. ఆమె, "ఇచ్చెయ్యి. దసరా దాటితే గది సుత ఉండదు" అంది. ఆ డబ్బు షోలాపూర్‌లో అర్రకు చాలదని ముగ్గురికీ తెలుసు. తమ్ముడి ఇంట్లో మూలకు పడుకుని, ఆమె ఏదో ఒక కూలి చూసుకోవాలి. గాలయ్య మందులకు ఏం మిగులుతుందో నేను అడగలేదు.

నల్లగొండలో రిజిస్ట్రీ అయింది. మర్నాడు పొద్దున ఇల్లు అప్పజెప్పడానికి అందరం అక్కడే ఉన్నాం. యాదలక్ష్మి లోపల గిన్నెలు మూట కడుతోంది. నర్సింగమ్మ బయట సడకు నుంచి గోడ దాకా అడుగులేసి కొలుచుకుంటోంది. మంచి చేసుకుందామని నేను ఆమె దగ్గరికి పోయాను.

"గా గుంట సంగతి ఫికర్ పెట్టుకోకక్కా. ఈసారి మంచిగ దిమ్మిస కొట్టిపిస్త."

"గుంట నాకెందుకయ్యా?" అంది. "ఇల్లే కూలగొడ్తున్న. సడకు మీది జాగా కోసం కొన్న. లారీలు ఆగాలె, హోటలు కట్టాలె."

నాకు అర్థం కాలేదు. "మరి నట్టింట్ల గుంటుంటే యజమాని మిగలడంటివి? ఊళ్లె ఆ పాతర ఇల్లు..."

"గది ఊరి లోపల ఉండె. లారీలు రావు. నువ్వు అంత ఆశగా చూపిస్తుంటే వద్దని మొఖం మీద ఎట్ల చెప్పాలె? నీ మనసు నొప్పియ్యొద్దని పంతులు మీదికి తోసిన." నర్సింగమ్మ కొలత ఆపి నా వైపు తిరిగింది. "గీ ఇంటికి గాలయ్య చెప్పిన ధర ఇద్దామనే వచ్చిన ఎల్లస్వామీ. జాగా గంత మంచిది. మగ్గం గుంటని నాకెరుక లేదా? నేను పుట్టింది సాలోల్ల వాడ పక్కకే. కానీ మీరు ఉన్నదాన్ని లేదంటిరి. పందికొక్కులంటివి. బేరం చేసెటోళ్లకు గంతకంటే ఏం కావాలె? బాయికాడ ఒక్క మాటన్న, లేదని ఎందుకన్నరో అని. మిగిలింది ఊరు అల్లుకున్నది. అల్లుకుంటుంటే నువ్వు సప్పుడు చేయకపోతివి, నేనెందుకు చెయ్యాలె?"

వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూశాను. యాదలక్ష్మి నెత్తి మీద మూటతో గడప దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. నర్సింగమ్మ వైపు చూడనైనా చూడలేదు.

"ఆమె కొనెటామె. బేరం చేసింది" అంది నాతో. "నా బిడ్డను వాగొడ్డున పెట్టిన్నాడు నువ్వు సుత వచ్చినవు గదన్నా."

వచ్చాను. గాలయ్యకు దగ్గు తెర ఆగకపోతే పార తీసుకుని ఆ పిల్ల మీద చివరి మట్టి వేసింది నేనే. వాగు ఒడ్డున, తుమ్మచెట్టు పక్కన. ఊళ్లో ఎవరికీ తెలియనంత బాగా నాకు ఆ చోటు తెలుసు. పిల్ల అక్కడే ఉంది, రండి చూపిస్తానని అంగడిలో ఆ ఒక్క మాట అంటే ఇరవై మంది నోళ్లు మూతపడేవి.

వాళ్లు మధ్యాహ్నం బస్సుకు పోయారు. నర్సింగమ్మ నా దలాలీ చేతిలో పెట్టింది. తీసుకున్నాను.